నలభై ఒకటీ ఒకటే

ఆ ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో అందరూ ఆమెను వదినా అనే పిలుస్తారు. ప్రాజెక్టు మేనేజరైన ఆమె భర్తను అందరూ అన్నా అంటారు కాబట్టి ఆమె వదిన అయింది. కొత్తవి కట్టి అప్పగించడం ఆయన పని. అప్పగించినవి మొరాయిస్తే బాగుచేయించడం హెల్ప్ డెస్క్ లీడ్‌గా వదిన పని. ఆయన సరిగ్గా కట్టకపోతే వదినకు ఊపిరాడదు, వదిన సంతకం పెట్టకపోతే ఆయన ప్రాజెక్టు ముగియదు. ఇలాంటి ఇద్దరిని ఒకే కప్పు కింద చేర్చిన మహానుభావుడెవరో గానీ, పదకొండేళ్లు కాపురం సజావుగానే సాగింది. మంగళవారం పొద్దున చిక్కు వచ్చిపడింది.

ఆయన అప్పగింత పత్రం తెచ్చి వదిన టీ కప్పు పక్కన పెట్టాడు. రక్తపరీక్షల ల్యాబుకు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టే ప్రాజెక్టు అది. మూడు నెలలుగా ల్యాబులో నడిపి చూస్తున్నారు. ఇక మిగిలింది అప్పగింతే. శుక్రవారం మీటింగులో వదిన సంతకం పెడితే, సోమవారం నుంచి ల్యాబులో మనిషి కళ్లతో చేసే తనిఖీ ఎత్తేస్తారు. అసలు ప్రాజెక్టు పెట్టిందే అందుకు.

"ఓ సంతకం పడేయ్, పనైపోతుంది," అన్నాడు ఆయన.

"పెట్టనండీ. ముందు లేబుళ్ల సంగతి తేలాలి."

లేబుళ్ల సంగతి ఇదీ. రక్తం తీసిన గొట్టం మీద అంటించే లేబులును ప్రింటరు ఉండుండి ముందు మనిషి పేరుతోనే మళ్లీ కొడుతోంది. అంటే ఒకరి రక్తానికి ఇంకొకరి పేరన్నమాట. ల్యాబు ఇన్‌చార్జిని అందరూ పెద్దమ్మ అంటారు. ఆవిడ కళ్లల్లో వత్తులు వేసుకుని ప్రతి లేబులునూ రోగి తెచ్చిన చీటీతో సరిచూసి, తప్పు దొరికినప్పుడల్లా హెల్ప్ డెస్క్‌కు ఫోన్ చేసేది. ఒక్కో ఫోనుకూ అక్కడ ఒక ఫిర్యాదు రాసుకుంటారు, దాన్నే టికెట్ అంటారు.

ఆయన ఫోన్‌లో ఒక రిపోర్టు తెరిచి ముందుకు తోశాడు. "ఇది మీ డెస్క్ రిపోర్టే కదా? ఈ లేబుళ్ల మీద మూడు నెలల్లో నలభై ఒక్క టికెట్లు. అన్నీ పరిష్కారమైనట్టు రాసింది మీరే. సగటున తొమ్మిది నిమిషాలు. బోర్డంతా పచ్చగా ఉంటే ఇంకేం తేలాలి?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. హెల్ప్ డెస్క్‌లో టికెట్ పదిహేను నిమిషాల్లో మూస్తేనే, పనితీరు చూపే బోర్డు పచ్చగా ఉంటుంది. ఫోన్ రాగానే ప్రింటరును ఆపి మళ్లీ మొదలుపెట్టించడం, 'పరిష్కారమైంది' అని రాసి చేతులు దులుపుకోవడం అలవాటైపోయింది. ఒకే లోపం పదేపదే వస్తుంటే ఆ టికెట్లన్నిటినీ కలిపి ఒక 'సమస్య'గా తెరవాలని, ఎందుకొస్తోందో దొరికేదాకా మూయకూడదని వాళ్ల నియమాల పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. కొత్తవాళ్లకు ఆ పాఠం చెప్పేది కూడా వదినే. పాఠం చెప్పి వచ్చి, తన డెస్క్‌లో మాత్రం దాన్ని గాలికొదిలేసింది. సమస్య తెరిస్తే బోర్డు ఎర్రబడుతుంది, ఉత్తమ జట్టు బహుమతి పోతుంది. పచ్చరంగు చూసి మురిసిపోయే పై అధికారులున్నంత కాలం లోకంలో లోపాలకు కొదవుండదు.

బుధవారం పొద్దున్నే ల్యాబుకెళ్లి వదిన ఉన్నదున్నట్టు అడిగింది. "పెద్దమ్మా, తప్పు లేబుళ్లు మొత్తం ఎన్ని దొరికాయి?"

"నీకు ఫోన్ చేసినవి నలభై ఒకటి. ఇక్కడే చించేసి మళ్లీ కొట్టినవి ఎవరు లెక్కపెట్టారు తల్లీ? సోమవారం నుంచి నేను చూడక్కర్లేదట. నన్ను రిపోర్టుల గదిలో వేశారు."

"మీరు చూడకపోతే?"

"ఏముంది? గొట్టం మీద ఎవరి పేరుంటే వాళ్లకి మందు రాస్తారు."

వదినకు సిగ్గేసింది. మూడు నెలలు బోర్డును పచ్చగా ఉంచింది తన జట్టు కాదు, ఈవిడ కళ్లు. ఇక తేల్చందే కదలకూడదనుకుని, ల్యాబులో ఓ మూల స్టూలు వేసుకుని కూర్చుంది. ఆ రోజంతా చూసింది, మర్నాడూ చూసింది. నెట్‌వర్క్ కొన్ని సెకన్లు పోయి వచ్చినప్పుడల్లా పాత పేరు దిగుతోంది. పెద్దమ్మ పక్కనే ఉండగా తానే కేబుల్ పీకి, పదంకెలు లెక్కపెట్టి, మళ్లీ పెట్టింది. పాత పేరే వచ్చింది. ఆరుసార్లు పీకితే ఆరుసార్లూ అంతే.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబితే ఆయన ముఖం ముడుచుకున్నాడు.

"శుక్రవారం అని డైరెక్టరుకి మాటిచ్చాను. అప్పగించాక సరిచేద్దాం."

"అప్పగించాక చూడ్డానికి పెద్దమ్మ ఉండదండీ."

"అంటే నామీద నమ్మకం లేదా నీకు?"

"మీమీద ఉంది. ప్రింటరు మీద లేదు."

ఆయన నవ్వలేదు. వదిన కూడా బుజ్జగించలేదు.

శుక్రవారం మీటింగులో పత్రం చేతులు మారుతూ వదిన దగ్గరికొచ్చి ఆగిపోయింది. డైరెక్టరు కళ్లజోడు సవరించుకున్నాడు. "మీ టికెట్లన్నీ పరిష్కారమయ్యాయి కదా మేడమ్?"

"కాలేదు సార్. ఊరికే మూసేశాం. మూయమన్నది నేనే."

గోడ మీది పెద్ద తెరపై అందరూ చూస్తుండగా వదిన నలభై ఒక్క టికెట్లనూ ఒక్కొక్కటిగా గుర్తుపెట్టి, ఒకే సమస్య కిందికి చేర్చి, బాధ్యుల గడిలో తన పేరు రాసింది. బోర్డు ఎర్రబడింది.

"దీని తర్వాత మీరు లీడ్‌గా ఉండడం కష్టం," అన్నాడు డైరెక్టరు.

"తెలుసు సార్. నెట్‌వర్క్ పోయి వచ్చినప్పుడల్లా పాత పేరు దిగుతోంది, పెద్దమ్మ తనిఖీ మాత్రం ఎత్తేయకండి."

డైరెక్టరు ఆయనవైపు తిరిగాడు. "నెట్‌వర్క్ పోతే ఏమవుతుందో చూసే పరీక్ష ప్లానులో లేదా?"

జవాబు తెలిసింది ఆయనొక్కడికే. నీళ్లు నమిలి ఊరుకుంటే తరచి అడిగేవాళ్లు లేరు. వదినకు మొగుడివైపు చూడాలనిపించింది. చూస్తే అడిగినట్టవుతుందని బల్లవైపే చూస్తూ కూర్చుంది.

"ఉంది సార్," అన్నాడు ఆయన. "తేదీ అందుకోవాలని నేనే తీసేశాను."

అప్పగింత మూడు వారాలు వాయిదా పడింది. లీడ్ ఉద్యోగం సోమవారం నుంచి ఇంకొకరికి వెళ్లింది. ఆయనకూ డైరెక్టరు దగ్గర చీవాట్లు గట్టిగానే పడ్డాయి. మెట్లు దిగి కిందికొచ్చాక ఆయన ఇంటిదారి పట్టకుండా ల్యాబువైపు తిరిగాడు, వదిన కూడా వెంట నడిచింది.

అప్పటికే కబురు ల్యాబుకు చేరిపోయింది. పెద్దమ్మ ఒక గొట్టం మీది పేరు చదువుతూ, తలెత్తకుండానే అడిగింది. "నువ్వు లీడ్‌వి కాదటగా? ఇక తప్పొస్తే ఎవరికి చేయను ఫోన్?"

"నాకే చేయండి పెద్దమ్మా," అంది వదిన. "ఈసారి ఎందుకొచ్చిందో తెలిసేదాకా మూయను."