వేలం వేసేవాడు కొనకూడదు

రొయ్యపొడికి ఎండు రొయ్యల తలలు గిల్లుతుంటే, వాకిట్లో కుర్చీలోంచి మా ఆయన నవ్వాడు. "ఏందిమే, ఢిల్లీవాళ్ళు నీ ఉత్తరం కోసరమే కాచుకోనుండారా?"

పొద్దున పేపర్లో చదివాను. నాది బడి చదువు కాదు, బైబిలు పట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్న చదువు. తప్పు చదివానేమోనన్న భయంతో మూడుసార్లు చదివాను. పెద్ద పెద్ద యాప్ కంపెనీలకు ఎలాంటి కట్టుబాట్లు ఉండాలో జనాన్ని రాయమంటోంది ప్రభుత్వం. జనమంటే నేనూనా అనుకున్నాను.

మా ఊరు మైపాడు దాటి ఎరగని నా చేతి రొయ్యపొడిని ఎక్కడో మంచుకొండల ఊళ్ళో తింటున్నారంటే నాకిప్పటికీ వింతే. ఆ యాప్ సముద్రమంత సంత. అందులో మా కొట్టు ఆయన పేరున ఉంది. వేయించేదీ దంచేదీ నేను. ఆ సంత పెరిగేకొద్దీ మా సరుకు తీసుకునే అంగళ్ళు మూతబడ్డాయి. నాతో గంపలెత్తిన ఆడవాళ్ళు పని వెతుక్కుంటూ ఒక్కొక్కరే బస్సెక్కారు. వాళ్ళలో రోజా చెన్నైకి పోతూ నా చెయ్యి ఎంతసేపటికీ వదల్లేదు. ఇప్పుడు యాప్ తప్ప దారి లేదు. పోయిన నెల నుంచి ఆ కంపెనీయే సొంతంగా రొయ్యపొడి అమ్ముతోంది. వెతికితే పైన దానిది, ఎక్కడో అడుగున నాది.

"నీ పేరు రాస్తే మన కొట్టు తీసేస్తారేమో అత్తా. ఇంకేడ అమ్ముకుంటాం?" అంది కోడలు షారన్, ఫోను చేతిలో పట్టుకుని. ఆ భయం పొద్దుటినుంచి నాకూ ఉంది.

"అంత కంపెనీకి నువ్వు కట్టుబాటు చెప్పేదానివా!" అన్నాడు ఆయన.

నాకు తెలిసింది ఒక్కటే. మా రేవులో వేలం వేసేవాడు చేపలు కొనకూడదు. ఒకప్పుడు ఒకడు తమ్ముడి పేరుతో మంచి వంజరం చేపలన్నీ చౌకగా తనే కొనేసుకున్నాడు. నలభై మంది ఆడవాళ్ళం ఇక కొనేది లేదని గంపలు బోర్లించి వాటిమీద కూర్చున్నాం. చేపలు ఎండకి మెత్తబడుతున్నా లేవలేదు. మూడోనాడు వాడు వేలం వదులుకున్నాడు. లోకమంత సంతకీ మా ఇసుక మీది వేలానికీ ఒకటే న్యాయం సరిపోతుందని తోచేసరికి షారన్ వైపు తిరిగాను.

"సంత నడిపేవాడు అందులో తన సరుకు పెట్టకూడదని రాయమ్మా."

"పేరు? కొట్టు మామది గదా."

"ఎలిశబెతు అని రాయి. కొట్టు తీసేస్తే తీసెయ్యనీ."

ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఆనాడు వేలం వదులుకున్నవాడు ఆయనే. అందరికంటే ముందు గంప బోర్లించింది ఆయన పెళ్ళాన్నైన నేనే.