ఎడమవైపు సూర్యుడు

గంగ ఒడ్డున వాట్‌గంజ్ గోదాంలోకి లారీ వెనక్కి వచ్చేటప్పుడు పక్కన నిలబడి ఈల వేయడం నా పని. చక్రం కింద పెట్టే చెక్క పట్టుకుని వెనకాల నా బావమరిది సూరన్న నిలబడతాడు. లారీ అతని దాకా రాకముందే నేను ఆగమని పొడుగు ఈల వేయాలి. డ్రైవరు నమ్మేది దాన్నే. సూరన్న నమ్మేదీ దాన్నే.

దుర్గాపూజలు అయిన దగ్గర్నుంచి నాకు ఒకటి రెండుగా కనిపిస్తోంది. ఎడమ కన్ను మూస్తే ఒకటే. అందుకని పనిలో ఆ కన్ను మూసే ఉంచుతాను. ఒంటికంటితో దూరం మాత్రం సరిగా తెలియదు.

"ఈ వయసులో ఎవులికి కన్ను కొడతన్నావు బావా?" అని సూరన్న నవ్వుతాడు. నేనూ నవ్వి ఊరుకుంటాను. తెలిస్తే ఈల తీసేసుకుంటారు. అది లేకపోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు.

ఆదివారం సాయంత్రం ముగ్గురం గంగ మెట్ల మీద టీ తాగుతున్నాం. నా మనవరాలు కృష్ణకుమారి కాలేజీలో ఫిజిక్సు చదువుతోంది. ఫోనులో చూసి చెప్పింది.

"తాతా, ఒక చోట రెండు సూర్యులట. జంట. ఒకదాన్ని అంటిపెట్టుకుని పేద్ద గ్రహం తిరగతంది. నాలుగు రోజులకే దానికి ఏడాది అయిపోద్ది."

"అయితే నాలుగు రోజులకోపాలి పూజా బోనస్సు! పోదామేటి బావా?" అన్నాడు సూరన్న.

"ఉడికిపోతావు చిన్నతాతా. నిలబడ్డానికి నేల కూడా లేదు. అంతా సలసల కాగే గాలే."

"మరి రెండో సూర్యుడు ఏటి సేస్తాడు?"

"దూరంగా ఉంటాడు. ఊరికే లాగతుంటాడు."

అవతలి ఒడ్డున పొద్దు దిగుతోంది.

"రెండూ ఒక్కసారే ములిగితే ఎలాగుంటాదో కదా తాతా?" అంది. ఆ పిల్లకి ఏదో ఒకటి బదులివ్వాలనిపించింది. మాట జారింది.

"ఇలాగే ఉంటాది. ఎడమది కాస్త మసక."

కృష్ణకుమారి నవ్వింది. సూరన్న నవ్వలేదు. నా కళ్ళలోకి చూశాడు.

"ఇప్పుడు నీ ముందర ఎంతమంది సూరన్నలున్నారు బావా?"

"ఇద్దరు."

"కన్ను కొట్టడం అందుకా." టీ ముంత మెట్టు మీద పెట్టాడు. "నిన్న లారీ నా మోకాలికి తగిలి ఆగింది. ఏ సూరన్నని సూసి ఈల కొట్టావు?"

కృష్ణకుమారి ఆసుపత్రి అంటూ ఏదో చెబుతోంది. సూరన్న చెయ్యి చాచాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మెడలోంచి ఈల తీశాను. ఇక దాచడానికేమీ లేదు కనక కన్ను మూయలేదు. ఎదురుగా రెండు అరచేతులు. ఎడమది మసకగా ఉంది. కుడిదాంట్లో పెట్టి వదిలాను.

అక్కడ చెయ్యి లేదు. ఈల మెట్ల మీద పడింది. లోపలి గింజ కదిలి సన్నగా మోగింది.