సముద్రంలో ఆగిన కడప బండలు

కడప ఊరి బయట జిలాని బాషాకు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. నల్లబండను కోసి, నునుపు చేసి, చెక్క పెట్టెలకెత్తి చెన్నై రేవు నుంచి బయటి దేశాలకు పంపుతాడు. చాలా ఏళ్లుగా ఎక్కువ సరుకు కొనేది ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉండే పెరేరా అనే యూదు వ్యాపారి. ఒకసారి రాళ్లు చూసుకోవడానికి వచ్చినప్పుడు ఆయన బాషా ఇంట్లోనే భోంచేశాడు. మాంసం ముట్టలేదు. "మనం హలాల్ చూసుకున్నట్టే ఆయప్పకూ ఏదో పద్ధతి ఉండాది" అని బాషా భార్య మాబూబీ సంగటి చేసి, చెనిక్కాయల చట్నీతో పెట్టింది.

నిరుడు ఎండాకాలంలో ఆయన ముందే డబ్బు కట్టి తెప్పించుకుంటున్న సరుకు దారిలో ఆగిపోయింది. యుద్ధంలో ఉన్న ఒక దేశపు నౌకాదళం ఓడను పట్టుకుని తమ రేవుకు మళ్లించింది. పెరేరా తమ్ముడికి శత్రుదేశంలో వ్యాపారం ఉంది కాబట్టి, పెరేరా సరుకు కూడా శత్రువుల సరుకేనని వాళ్ల వాదన. ఇండియా వాళ్లదైతే మాత్రం కోర్టులో రుజువు చేసుకుని విడిపించుకోవచ్చన్నారు.

పెరేరా ఫోన్ చేశాడు. ఎగుమతుల పని చూసేది బాషా కూతురు ఫిరోజా. ఆయన ఇంగ్లీషులో చెప్పేది ఆమే తండ్రికి తెలుగులో చెప్పింది.

"రాళ్లు ఇంకా నీవేనని కోర్టులో చెప్పమంటాండాడు నాయనా. వాళ్ల వంశంలో ఇది కొత్త కాదంట. మూడు వందల ఏండ్ల కిందట వాళ్ల పెద్దాయన ఒకాయన అట్లాంటిక్ సముద్రం అవతలి దీవులకు బట్టలు పంపుతాండెనంట. యుద్ధమొస్తే ఇంగ్లీషోళ్లు ఓడలు పట్టుకుంటారని, సరుకంతా వాళ్లకు పగ లేని దేశం నుంచి వచ్చిన పక్కింటి కిరస్తానీ ఆయన పేరు మీద ఎక్కించెనంట. అయినా ఓడ పట్టుబడె. పక్కింటాయన కోర్టులో బైబిల్ ముట్టుకుని, సరుకు నాదేనని ప్రమాణం చేసెనంట. ఇడిచిపెట్టిరంట."

"తర్వాత ఆ పక్కింటాయన ఏమాయె? అడుగు."

ఫిరోజా అడిగింది.

"మళ్లా వాళ్లింటికి రాలేదంట. వీధిలో ఎదురైనా తల వంచుకుని పోతాండెనంట."

ఆలోచించి చెప్తానన్నాడు బాషా. శుక్రవారం నమాజుకు పోయి వచ్చి, అన్నం ముందు కూర్చున్నాక తేల్చి చెప్పాడు.

"ఆయన బేరం రద్దు చేసుకోవాల. ఆయన కట్టిన దుడ్లు మనం వాపసియ్యాల. అప్పుడు రాళ్లు నిజంగానే నావి."

"అప్పుడు కూడా వాళ్లు ఇడవకపోతే?" అంది ఫిరోజా.

"పోతాయి. నావే పోతాయి."

"అన్ని దుడ్లు యాడ తెస్తావు?" అంది మాబూబీ.

"లారీ అమ్ముదాం."

ఆ లారీ కొనేటప్పుడు తన గాజులు అమ్మిన సంగతి మాబూబీ మరిచిపోలేదు. "ఆయప్ప కోసం మనమెందుకు మునగాల?" అంది.

"అబద్ధం చెప్పలేను. చెప్పనని ఆయన్ని ఇడిచిపెట్టనూ లేను. నాకు ఇంకో దారి కనపడలేదు."

ఆమె కంచాలు తీసింది. తెల్లారి బీరువాలోంచి లారీ కాగితాలు తెచ్చి, ఆయన టీ గ్లాసు పక్కన పెట్టింది.

పెరేరా మొదట ఒప్పుకోలేదు. సరుకు విడుదలైతే మళ్లీ తనే కొంటానని రాసిస్తానన్నాడు. బాషా అదీ వద్దన్నాడు. "ఆ మాట ఉంటే రాళ్లు మళ్లా నీవే అయితాయి." లారీ అమ్మి డబ్బు వాపసు పంపాక, పెరేరా బేరం రద్దైనట్టు రాసిచ్చాడు.

ఓడను పట్టుకున్న దేశపు కోర్టులో విచారణ వీడియోలో జరిగింది. ఫ్యాక్టరీ ఆఫీసులో బాషా ఖురాన్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. దుబాసీ ప్రశ్నలను ఉర్దూలో అడిగాడు.

"సరుకు ఎవరిది?"

"నాది."

"ఆ యూదుడికి ఇందులో వాటా ఉందా?"

"ముందు ఆయనకే అమ్మినాను. ఓడ పట్టుకున్నాక, దుడ్లు వాపసిచ్చి నేనే తీసుకున్నాను. ఇప్పుడు వాటా లేదు."

అడగని సంగతి చెప్పొద్దని ముందే హెచ్చరించిన బాషా తరఫు వకీలు తెర మీద కళ్లు మూసుకున్నాడు. పట్టుబడ్డాక సరుకు చేతులు మారితే చాలా కోర్టులు దాన్ని లెక్కలోకి తీసుకోవని ఆయన భయం.

తీర్పు వానాకాలం పోయాక వచ్చింది. సరుకు విడిచిపెట్టారు కానీ, యూరప్‌కు పంపకూడదని షరతు పెట్టారు. అప్పటికే తనిఖీల్లో పెట్టెలు విప్పి, సగం బండలు పగలగొట్టారు. మిగిలినవి ఆ రేవులోనే ఒక కాంట్రాక్టరు అడిగిన ధరకు పోయాయి.

తీర్పు తెలిసి పెరేరా ఫోన్ చేశాడు. నష్టంలో సగం తను భరిస్తానన్నాడు. ఫిరోజా ఆశగా తండ్రి వైపు చూసింది.

"వద్దని చెప్పు" అన్నాడు బాషా. "రాళ్లు నావని ప్రమాణం చేస్తి. ఇప్పుడు నష్టం సగం ఆయనదంటే నేను చెప్పింది అబద్ధమైతాది."

లారీ తిరిగి కొనలేదు. ఆ ఏడంతా బాడుగ బండ్లతోనే నెట్టుకొచ్చారు. ఫిరోజా కొన్నాళ్లు తండ్రితో ముక్తసరిగా మాట్లాడింది.

చలికాలంలో కొత్త సరుకు కొనడానికి పెరేరా కడప వచ్చాడు. ఫ్యాక్టరీ ఆవరణంతా తిరిగి ఒక్కో బండనూ తట్టి చూశాడు, సన్న గీత ఉన్నవాటిని పక్కన పెట్టించాడు. ధర దగ్గర ఇద్దరూ తగ్గలేదు. మాబూబీ రెండుసార్లు అన్నానికి పిలిచినా బేరం తెగలేదు. మూడోసారి ఆమె కసురుకుంటే, ఇద్దరూ లేచి అన్నానికి చేతులు కడుక్కున్నారు.