ఎరువు డ్రమ్ము

మా ఊళ్లో పేడంతా పొయ్యికే పోతుంది. ఇస్సిక్‌కుల్ సరస్సు దక్షిణపు ఒడ్డున చలి ఆరు నెలలు. పెరట్లో పిడకల గోడ ఎంత ఎత్తుంటే ఆ ఇల్లాలికి అంత పేరు. మా అత్త బురుల్‌చా అయితే పిడకల్ని నగల్లా లెక్కపెట్టుకునేది. ఇక మొక్కలకి ఎరువెక్కడిది? నేను కాపురానికొచ్చిన రెండో ఏడు టమాటాలు గోలీకాయలంత కాశాయి.

"తొక్కలూ ఆకులూ డ్రమ్ములో వేసి రోజూ తిప్పితే రెండు నెలల్లో ఎరువవుతుంది అత్తా" అన్నాను.

"చదువుకున్న కోడలు చెత్తకి ఉయ్యాల కట్టిస్తుందట!" అని నవ్వింది. నవ్వు ఆపి, "సరే, కట్టుకో. కంపు కొట్టిందా, నలుగురి నోట్లో పడ్డామా, డ్రమ్మూ పోతుంది, పెరడూ పోతుంది. అంతా పశువులకి గడ్డి వేసేస్తా" అంది.

ఆ ఇంట్లో నాదని చెప్పుకోడానికి ఉన్నది ఆ పెరడొక్కటే.

పక్కింటి ఎసెన్‌గుల్ వెల్డింగ్ పని చేస్తాడు, మా మామకి తమ్ముడి వరస. ఎక్కణ్ణుంచో పాత డీజిల్ డ్రమ్ము దొర్లించుకొచ్చాడు. లోపలి ఆవిరి అంటుకుని పేలకుండా నీళ్లు నింపి మరీ తలుపు కోశాడు. బూడిదతో, వేడి సబ్బునీళ్లతో మూడుసార్లు తోమాను. నీళ్ల గొట్టం ముక్క ఇరుసయింది. విరిగిన ఇనపమంచం కాళ్లు రెండువైపులా దన్నుగా నిలిచాయి. గాలాడటానికి చుట్టూ చిల్లులు కొట్టాడు.

"వదినా, లోపలికెక్కు. నాలుగు తిప్పులు తిప్పుతా, ముడతలన్నీ పోతాయి!" అన్నాడు మా అత్తతో.

"నువ్వే దూరు. ఎప్పట్నుంచో పులిసిన సరుకువి, తొందరగా మాగుతావ్" అంది అత్త.

మధ్యాహ్నం అందరం నేలమీద పరిచిన భోజనాల గుడ్డ చుట్టూ కూర్చుని మాంసం, రొట్టె, పుచ్చకాయ తిన్నాం. తిన్నాక దేవుడికి దణ్ణంగా అరచేతులతో మొహాలు తడుముకుని లేచాం. మొదటి తిప్పు చూడాలని నాకు ఒకటే ఆత్రం. తొక్కలతో సహా గుడ్డ నాలుగు కొసలూ పట్టుకెళ్లి డ్రమ్ములో దులిపేశాను. పైన ఎండుటాకులు పోసి తిప్పాను. గిర్రున తిరిగింది.

మూడోరోజు పొద్దున అత్త తనంతట తనే టీపొడి పిప్పి పట్టుకుని డ్రమ్ము దగ్గరికి వెళ్లింది. నాకు ప్రాణం లేచొచ్చింది. తలుపు తీసి, అలాగే నిలబడిపోయింది.

"ఇలా రా."

పుచ్చతొక్కల మధ్య ఉబ్బిన రొట్టెముక్క.

మేం రొట్టెని బోర్లా కూడా పెట్టం. కింద పడితే కళ్లకద్దుకుంటాం. చెత్తలో రొట్టె పారేసిన కోడలని పేరు పడితే మనవలు పుట్టినా పోదు.

గోనెపట్టా పరిచి డ్రమ్మంతా కుమ్మరించాను. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క ముక్కా ఏరడం మొదలుపెట్టాను. కళ్లనీళ్లకి తొక్కేదో రొట్టేదో తెలియలేదు. కాసేపటికి అత్త కూడా నా ఎదుట చతికిలబడింది. మోచేతిదాకా చెయ్యి దూర్చి ఆగిపోయింది.

"ఇది కాగుతోందే! పొదిగే కోడి కిందలా ఉంది." వేడి పుట్టిందంటే ఎరువు మాగడం మొదలైనట్టే.

అప్పుడే గోడమీంచి ఎసెన్‌గుల్ తలకాయ లేచింది. "ఏం పోయింది వదినా? ఉంగరమా?"

ఏరిన ముక్కలు అత్త పక్కనే కుప్పగా ఉన్నాయి. ఆమె తాపీగా తన పావడా అంచు వాటిమీదికి లాక్కుంది.

"పోవడమేంటి? లోపల ఉండ కట్టింది, విడగొడుతున్నాం. ఊరికే గుడ్లప్పగించి చూడకపోతే ఓ బుట్టెడు గడ్డిపొట్టు తేరాదూ?"

"చెత్తకి మేత కూడానా! మా వదినకి కోడలి పిచ్చి అంటుకుంది" అంటూ దిగిపోయాడు.

అతను పొట్టు తెచ్చేలోగా అత్త ముక్కల్ని కడిగి, నుదుటికి ఆనించుకుని, కోళ్ల తొట్టిలో చిదిపి వేసింది. మిగిలిందంతా ఇద్దరం మళ్లీ డ్రమ్ముకెత్తాం. గడియ తనే వేసింది.

"రోజూ ఇరవై తిప్పులు. మరిచిపోకు" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఇకనుంచి గుడ్డ నేను దులుపుతాలే."

పెరడు నాకే ఉండిపోయింది. ఇది జరిగి పద్నాలుగేళ్లు. ఎంత కోపంలో ఉన్నా ఆ రొట్టె మాట ఆమె నోట రాలేదు, ఊళ్లో ఒక్కరికీ తెలియలేదు. అందుకే ఇవాళ నేనే చెబుతున్నాను.