ఏం చెప్పలేమండీ

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు బోర్డు ముందు ఏళ్ల తరబడి కూర్చుని నా మెడ కర్రలా బిగుసుకుపోయింది. మాత్రలు మింగాను, మెడకి పట్టీ కట్టుకున్నాను, సెలవు పెట్టాను. లాభం లేకపోయింది. చివరికి బెజవాడ గవర్నరుపేటలో ఛాయాదేవిగారి దగ్గర చేరాను. ఆవిడ బొంబాయిలో నేర్చుకొచ్చిన విద్యలో మందూ లేదు, మర్దనా లేదు. మెడ వెనక చెయ్యి ఆనించి, ఎలా కూర్చోవాలో, ఎలా లేవాలో మళ్లీ మొదటి నుంచి నేర్పుతారు. నెల తిరిగేసరికి పక్కకి తిరిగి చూడగలిగాను.

మా ఆయన కృపానందం ఉయ్యూరు హైస్కూల్లో సైన్సు మాస్టారు. కూర్చోడం నేర్చుకోడానికి బెజవాడ దాకా వెళ్లడమేమిటని ఆయన సణుగుడు. డాక్టరు మంచిదంటేనే ఇక పంపుతానన్నారు. ఆ పాఠాలు ఆగితే నేను మళ్లీ బోర్డు ముందు కూర్చోలేను, ఉద్యోగం వదులుకోవలసిందే.

ఇద్దరం కలిసి బెజవాడలోనే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం. డాక్టరుగారు నిజాయితీపరుడు. అదే కొంప ముంచింది. ఈ పద్ధతి మీద సరైన పరీక్షలు జరగలేదన్నారు. కొందరికి నొప్పి తగ్గిన మాట నిజమే గాని, అది పద్ధతి వల్ల తగ్గిందో, దానంతటదే తగ్గిందో ఎవరూ తేల్చలేదన్నారు. మా ఆయనకి ఇదంతా తలకెక్కలేదు.

"అయితే మా ఆవిడ సంగతి ఏమంటారండీ?"

"ఏం చెప్పలేమండీ," అన్నారు డాక్టరుగారు.

రోగి మీద ఆశ వదులుకున్నప్పుడే మన వైపు డాక్టర్లు ఆ మాటంటారు. మా ఆయన ముఖం పాలిపోయింది. బస్టాండులో నాకు బత్తాయిరసం తాగించారు. పెళ్లయ్యాక అదే మొదటిసారి. బస్సులో నా చెయ్యి ఉయ్యూరు దాకా వదల్లేదు. డాక్టరుగారన్నది పద్ధతి గురించి, నా గురించి కాదని ఎంత మొత్తుకున్నా, పిచ్చిది ధైర్యం చెబుతోందనుకున్నారు.

మా అత్తగారు సువార్తమ్మ గుమ్మంలోనే ఏడుపు అందుకుంది. పాస్టరుగారొచ్చి ప్రార్థన చేశారు. చుట్టాలు దిగారు. రెండు దిళ్లు పెట్టి పడుకోబెట్టి నన్ను లేవనివ్వకపోయేసరికి, మెడ మళ్లీ బిగుసుకుంది. చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఊరుకున్నాను. అత్తగారు కాఫీ మంచం దగ్గరికే తెచ్చిచ్చేది. ఇన్నేళ్లూ అలిసిపోయి ఉన్నానేమో, అబద్ధమెందుకు, అది బాగానే ఉంది.

నేనింకా ఎన్నాళ్లుంటానో కనుక్కుందామని మా ఆయన ఒక్కరే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లారు. వస్తూ వస్తూ మిఠాయి పొట్లం తెచ్చారు. మెడనొప్పికి మనిషి పోతాడా అని డాక్టరుగారు నవ్వారట. అందరూ దేవుడికి స్తోత్రం చెప్పి, మిఠాయి తిని వెళ్లిపోయారు. పొయ్యి మీద ఎసరు పెట్టమని అత్తగారు లోపల్నుంచి కేకేసింది.

"మరి పాఠాలు?" అనడిగాను.

"ఏమీ లేనిదానికి పాఠాలెందుకు? రేపు డ్యూటీలో చేరు."

"నొప్పి ఉందిగా."

ఆయన కళ్లు తుడుచుకున్నారు. నా మీద ఆయనకంత ప్రేమ ఉందని నాకప్పటిదాకా తెలియదు.

"చచ్చిపోయేది కాదుగా మార్తా," అన్నారు, ఎంతో సంతోషంగా.