వస్తుసాక్ష్యం నంబరు ఒకటి

అది గోదావరి మా బడి మూడో మెట్టు దాకా వచ్చి, నాలుగోది ఎక్కకుండా తిరిగిపోయిన ఏడు. మా వైపు సంవత్సరాలను అంకెల్లో చెప్పుకోరు, మెట్లలో చెప్పుకుంటారు. ఆ మూడో మెట్టు ఏడే నేను పుట్టాను. నేను ఒక డస్టరును, నల్లబల్ల తుడిచే చెక్కను. తుడవడం నా పని. అంతకు మించి నన్నెవరూ ఏమీ అడగకూడదు. కాని మనుషులు ఒక వస్తువును దాని పని చేసుకోనిస్తే కదా.

వరదొస్తే పైనున్న కొండల నుంచి దుంగలు కొట్టుకొస్తాయి. ఆ ఏడు కామేశ్వరాచారి తాడు విసిరి ఒక నల్లమద్ది దుంగను ఒడ్డుకు లాగాడు. ఆచారి వడ్రంగి. మూడో తరగతిలో బడి మానేశాడు, మాట్లాడటం కూడా దాదాపు అప్పుడే మానేశాడు. కొడుకూ కోడలూ హైదరాబాదులో తలుపుల పని చేసుకుంటుంటే, మనవడు భువనేష్ తాత దగ్గరే ఉండి పదో తరగతి చదువుతున్నాడు.

మెట్ల కిందున్న కొట్టుగదిలో బడి సామానంతా బురదపాలైందని, డస్టర్లు చేసిపెట్టమని హెడ్మాస్టరు వచ్చి అడిగాడు. ఏదో తేలిక చెక్కతో చేస్తే చాలన్నాడు. ఆచారి తల ఊపాడు గాని వినలేదు. చదువు అబ్బనివాడికి బడి మీద ఉండే గౌరవం అలాంటిది. బడికిచ్చే వస్తువు నాలుగు తరాలు అరగకూడదు. ఇనుములాంటి నల్లమద్దిలోంచి ఆరు డస్టర్లు తీసి, కింద గొంగళి ముక్క కొట్టి, ఊరికే ఇచ్చాడు. ఆరింటిలో నా వీపు మీద మాత్రం కన్నులాంటి ముడి ఉంది. నన్ను చిత్రిక పట్టేటప్పుడు ఆ ముడి మీద ఆయన బొటనవేలు రెండుసార్లు రాసింది. నన్ను ముద్దు చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారంటే అంతే.

నేను పదో తరగతి గదికి, చిదంబరం మాస్టారి చేతికి వెళ్లాను. లెక్కల మాస్టారు. లెక్క బాగానే చెప్పేవాడు, అబద్ధమాడను. కాని విసిరే అలవాటుంది. మొదట్లో సుద్దముక్కలు విసిరేవాడట, తర్వాత డస్టర్లు. గురి తప్పదని ఊళ్లో పేరు కూడా. ఆయన దగ్గర చదువుకున్న పెద్దవాళ్లు నెత్తి తడుముకుని, ఆ దెబ్బలు తిన్నాం కనకే బాగుపడ్డామని నవ్వుకునేవాళ్లు. బాగుపడ్డవాళ్లెవరో నాకైతే కనబడలేదు.

పుష్యమాసంలో ఒక శనివారం, మూడో పీరియడు. భువనేష్ పక్కవాడికి స్కేలు అందించడానికి తల తిప్పాడు. అంతే. నేను గాలిలో ఉన్నాను. మిగతా బళ్లలో విసిరే డస్టర్లకూ నాకూ తేడా ఏమిటంటే, నన్ను నాలుగు తరాల కోసం చేశారు. ఎడమ చెవి మీద తగిలాను. వాడు అరవలేదు, బల్ల మీదికి వాలిపోయాడు. మాస్టారు వచ్చి, నన్ను నేల మీంచి తీసుకుని, బోర్డు మీద మిగిలిన సగం లెక్క తుడిచాడు.

సాయంత్రం అటెండరు పోలయ్య డస్టర్లన్నిటినీ పోగు చేసి, పంపు కింద కడిగి, గోడమీద ఆరబెట్టాడు. ప్రతి శనివారం చేసే పనే. నామీద ఎర్రగా ఏదో ఉందని రెండుసార్లు రుద్దాడు కూడా. పోలయ్య చెడ్డవాడు కాదు, శుభ్రమైన మనిషి. ఒక్కోసారి శుభ్రమైన మనిషితో వచ్చే చిక్కు దొంగతో కూడా రాదు.

పెద్దాసుపత్రి డాక్టరు చెవిలోపల పొర చిరిగిపోయిందని, ఎడమ చెవి ఇక వినబడదని కాగితం రాసిచ్చాడు. మాస్టారు మాత్రం పిల్లాడు మెట్ల మీంచి పడ్డాడన్నాడు. వరదకు కొట్టుకుపోయి ఇసుక తేలిన మెట్లు కదా, ఎవరైనా పడొచ్చు. ఊరు ఆ మాట పట్టుకుంది. మాస్టారి మీద నింద వేశాడని, అబద్ధాలకోరని భువనేష్‌కు పేరొచ్చింది. వాడు బడి మానేసి తాత కొట్టంలో ఉలి పట్టాడు. చెవి పోయినందుకు వాడు ఏడవగా ఎవరూ చూడలేదు. తనను ఎవరూ నమ్మలేదని మాత్రం ఒకసారి అన్నాడట. అది విన్నాకే ఆచారి చొక్కా తొడుక్కుని పోలీసు స్టేషనుకు నడిచాడు.

పోలీసులు వచ్చి ఆరింటిలోంచి నన్నే తీసుకెళ్లారు, ముడి చూపించింది ఆచారే. తెల్లగుడ్డలో చుట్టి లక్క ముద్ర వేశారు. కోర్టులో నా పేరు వస్తుసాక్ష్యం నంబరు ఒకటి. రెండు లేదు.

ఆ తర్వాత రెండేళ్లు నేను చూసిందంతా వాయిదాలే. జడ్జిగారు సెలవు, లాయరుగారికి జ్వరం, సమన్లు అందలేదు. గుమాస్తా నన్ను బీరువాలోంచి తీయడం, బల్ల మీద పెట్టడం, మళ్లీ బీరువాలో పెట్టడం. ఈ లోకంలో నా అంత బరువైన డస్టరునే ఎత్తి దించి అలిసిపోయే మనుషులు, న్యాయాన్ని ఎలా ఎత్తుతారో నాకు అర్థం కాలేదు.

ఆ గదిలో నలభై రెండు మంది పిల్లలున్నారు. సాక్ష్యానికి పిలిస్తే తల్లిదండ్రులు పంపలేదు. పబ్లిక్ పరీక్షలన్నారు, మార్కులన్నారు. వచ్చిన ఇద్దరూ ఆ సమయానికి పుస్తకంలోకి చూస్తున్నామన్నారు. ఆ తరగతిలో అంత శ్రద్ధగా ఎవరూ ఎప్పుడూ పుస్తకంలోకి చూడగా నేను చూడలేదు. హెడ్మాస్టరు ఆ రోజు తాను మండలం మీటింగులో ఉన్నానన్నాడు. పోలయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. కడిగానన్నాడు. ఎందుకు కడిగావంటే శనివారం కదండీ అన్నాడు. కోర్టంతా నవ్వింది.

చివరికి ఆచారి బోనెక్కాడు. మాస్టారి లాయరు నన్ను అరచేతిలో పెట్టుకుని ఊపి చూశాడు.

"దీన్ని చేసింది మీరేగా ఆచారిగారూ? తేలిగ్గా చెయ్యమంటే ఇంత బరువు చేసింది మీరేగా? అయితే ఆ కుర్రాడి చెవి పోగొట్టింది మాస్టారా, మీ చెక్కా?"

ఆచారి నా వైపు చూశాడు. ముడి వైపు. జడ్జిగారు సమాధానం చెప్పమన్నా చెప్పలేదు. నేను చెప్పగలను. ఆ గదిలో ఉన్నవాళ్లందరిలోకీ బాగా తెలిసినదాన్ని నేనే. చెక్క తనంతట తాను ఎగరదని, చెయ్యి కావాలని, ఆ చేతి వేడి ఇంకా నాకు గుర్తుందని చెబుదును. నన్నెవడడుగుతాడు?

ఆ మధ్యాహ్నం భోజనాల విరామంలో హాలు ఖాళీ అయ్యాక సర్కారు లాయరు స్వర్ణకుమారి ఆచారిని బల్ల దగ్గరకు పిలిచింది. బల్ల మీద నేనూ, ఆవిడ విప్పని టిఫిను డబ్బా. ఆవిడ చేతిలో ఇలాంటి కేసులు అరవై ఉన్నాయి. గొంతు అప్పటికే అరిగిపోయింది.

మాస్టారు నేరం ఒప్పుకుంటానని కోర్టుకు అర్జీ పెట్టుకున్నాడని చెప్పింది. పిల్లాడికి పద్నాలుగు దాటాయి కాబట్టి చట్టంలో ఆ దారి ఉందంది. ఒప్పుకుంటే జైలు ఉండదు. మంచిగా ఉంటానని బాండు రాసి, ఉద్యోగం వదులుకుని, చెవి వైద్యం తానే భరించాలి. ఆచారి తల అడ్డంగా ఊపాడు.

"ఆడు జైలుకెళ్లాలమ్మా" అన్నాడు. ఆ రెండేళ్లలో ఆయన ఆవిడతో అన్న మొదటి మాట అదే.

స్వర్ణకుమారి విసుగ్గా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నాకు మాత్రం సరదానా ఆచారిగారూ? వినండి. చూసినవాళ్లు చూడలేదన్నారు. కడిగినాయన కడిగానన్నాడు. ఇంక మిగిలింది డాక్టరు కాగితం, మీ మనవడు. రేపు వాణ్ని బోనెక్కించానే అనుకోండి. ఆ లాయరు ఎడంపక్కనే నుంచుంటాడు, కావాలనే నుంచుంటాడు. ప్రశ్న అడిగితే వాడు 'ఆఁ?' అంటాడు. మళ్లీ అడిగితే మళ్లీ 'ఆఁ?' అంటాడు. దాన్నే తడబాటు అంటారు మా దాంట్లో. కేసు పోతే ఆ మాస్టారు సోమవారం పూలదండ వేయించుకుని అదే గదికి వెళ్తాడు. మీవాడు చచ్చేదాకా అబద్ధాలకోరే."

"మరి ఆయనెందుకు ఒప్పుకోడం?" అన్నాడు ఆచారి.

"మీవాడు నిలబడి చెబితే జడ్జిగారు నమ్ముతారేమోనని ఆయనకీ భయం. నమ్మరేమోనని నాకు భయం. ఇద్దరి భయాలూ కలిసిన చోట దొరికేదే ఇది. బాగుందని చెప్పట్లేదు. ఇదొకటే దొరుకుతోందంటున్నాను. పదిమందిలో తన నోటితో కొట్టానని చెప్పాలి. అది మాత్రం నేను వదలను."

ఆచారి గుమ్మం దాకా వెళ్లాడు. మనవణ్ని లోపలికి పిలిచి, వాడి కళ్లకెదురుగా వంగి, నీ ఇష్టమేమిట్రా అని అడిగాడు. భువనేష్ జైలు సంగతి ఎత్తలేదు. మాస్టారు చెబితే చాలన్నాడు.

షరతులు రాసుకుంటూ ఇంకేమైనా కావాలా అని ఆవిడ అడిగింది.

"ఆ చెక్క నాకిప్పించండమ్మా" అన్నాడు ఆచారి.

ఒప్పుకోలు రోజున ఊరు సగం వచ్చింది. మాస్టారు బోనులో నిలబడ్డాడు. బోనుకు కుడిపక్క బెంచీ మీద ఆచారి, భువనేష్. జడ్జిగారు అడిగారు. మాస్టారు నేల చూస్తూ, రెండు పెదాలూ సరిగ్గా విడకుండా, "కొట్టాను" అన్నాడు. నలభై మందిని ఆఖరి బెంచీ దాకా వణికించిన గొంతు అది. జడ్జిగారు రాసుకోబోయారు. ఇంతకోసం రెండేళ్లు బీరువాలో పడున్నానా అనిపించింది నాకు.

అప్పుడు భువనేష్ తాత మోచెయ్యి లాగాడు. "ఎప్పుడు చెబుతాడు తాతా?" అన్నాడు. బోను వాడికి ఎడమవైపు పడింది.

ఆచారి లేచాడు. కోర్టులో అడక్కుండా లేవకూడదని ఆయనకు తెలుసు. బంట్రోతు కూర్చోమని చెయ్యి ఊపాడు. ఆయన కూర్చోలేదు.

"అయ్యా, మళ్లోసారి చెప్పించండి. మావోడికి ఇనపళ్లేదు."

మాస్టారి లాయరు అభ్యంతరమని లేవబోయాడు. దేనికి అభ్యంతరమో తేలక సగంలో ఆగాడు. జడ్జిగారు భువనేష్ వైపు చూశారు, నా వైపు చూశారు. కలం కింద పెట్టారు.

"బాబూ, నువ్వు ఇటు వచ్చి నుంచో" అన్నారు.

వాడు లేచి బోను అవతలికి నడిచి, కుడి చెవి మాస్టారి వైపు పెట్టి నిలబడ్డాడు. ఈసారి మాస్టారు తలెత్తక తప్పలేదు.

"డస్టరు విసిరి కొట్టాను. మెట్ల మీంచి పడలేదు" అన్నాడు. హాలు చివర నిలబడ్డ పోలయ్యకు కూడా వినబడింది. ఊరికి వినబడింది. భువనేష్ తల ఊపాడు, లెక్క అర్థమైనప్పుడు పిల్లలు ఊపినట్టు.

ఇంటికొచ్చేటప్పుడు నేను ఆచారి చేతిసంచిలో ఉన్నాను. దారి పొడుగునా తాత ఎడమవైపు, మనవడు కుడివైపు. ఆచారి రెండుసార్లు ఏదో అన్నాడు. వాడు పలకలేదు. రెండోసారికి ఆచారి నడక ఆపేసి వాడి ఎడమ చెవి వైపు చూస్తూ ఉండిపోయాడు.

నేను పుట్టిన కొట్టంలో ఆయన పీట ఎప్పుడూ తలుపు పక్కనే ఉండేది, మనవడు పనిచేసే చోటుకు ఎడమవైపు. ఈ రెండేళ్లూ అదే చోట కూర్చుని, తాను అన్న ఆ నాలుగు మాటలకూ వాడు పలక్కపోతే, కోపమొచ్చి మాట్లాడటం మానేశాడనుకున్నాడు కాబోలు.

మర్నాడు పొద్దున్నే ఆచారి ముప్పై ఏళ్లుగా కదలని ఆ పీటను ఎత్తి, మోసుకెళ్లి, మనవడికి కుడిపక్కన వేసుకున్నాడు. అక్కడ నేల పల్లం, పీట ఊగింది. నా కిందున్న గొంగళి ముక్క ఊడబీకి, నన్ను పీట కోడు కింద తోశాడు. కూర్చుని చూసుకున్నాడు. ఊగలేదు.

"ఉలి ఇలా ఇయ్యరా" అన్నాడు.

వాడు ఇచ్చాడు.