గడ్డ కాదన్నారు

మా ఆయన ఎడమ పిక్క ఎర్రగా వాచి, ముట్టుకుంటే కాలిపోతోంది. ఎలా అయిందంటే "ఏమో, లేచేసరికి ఇలా ఉంది" అన్నారు. కాల్లో రక్తం గడ్డకడితే అది ఊపిరితిత్తుల్లోకి పాకి మనిషి ఉన్నపళంగా పోతాడని, నా కుట్టు షాపుకొచ్చే ఒకావిడ ఎప్పుడో చెప్పింది. కుట్టాల్సిన బట్టలు మిషను మీదే వదిలేసి ఆయన్ని ఆస్పత్రికి లాక్కొచ్చాను.

డాక్టరమ్మ కాలికి జెల్ రాసి, స్కాన్ మిషనుతో తొడ నుంచి మడమ దాకా నొక్కి నొక్కి చూసింది.

"రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయండీ. గడ్డ లేదు."

నేను వలవలా ఏడ్చేశాను. ఆయన మాత్రం ఊపిరి పీల్చుకున్నట్టు కనబడలేదు.

"పిక్క కండరం చిరిగింది. ఇది కూడా అచ్చం గడ్డలాగే వాస్తుంది, స్కాన్ చేస్తేగానీ తేలదు. ఎక్కడైనా గట్టిగా గెంతారా?"

"లేదండీ."

"కూర్చున్న చోట చిరగదే!"

అంతలో నా సంచిలో ఉన్న ఆయన ఫోను మోగింది. హలో అనేలోపే వాళ్ల ఆఫీసులో క్యాషియర్‌గా చేసే ఆవిడ గొంతు. "ఐస్ పెడుతున్నారా? ఆఫీసు పార్టీలో, డాన్స్‌లో అంత ఎగరొద్దని నిన్న మొత్తుకున్నానా లేదా? అది కండరమే, భయపడకండి. నాకూ అయింది."

ఫోను పెట్టేశాను. ఒళ్లు మండిపోయింది. మా తమ్ముడి పెళ్లిలో ఒక్క పాటకి రమ్మని చెయ్యి పట్టుకుని లాగితే మోకాళ్ల నొప్పులన్న మనిషి! ఆవిడ పక్కన కండరం చిరిగేలా ఎగిరాడట. చూసింది ఆవిడ, ఐస్ పెట్టమంది ఆవిడ, సంగతి తెలిసింది ఆవిడకి. ఏడవడానికి మాత్రం నేను.

"నాకు చెప్పకపోతే పోయారు, డాక్టరుగారికైనా చెప్పొచ్చుగా?" అన్నాను.

"నువ్వు పక్కనే ఉన్నావు కదా" అన్నాడు, గోడకేసి చూస్తూ.

అంటే, నాకు తెలియకుండా ఉంటే చాలు, లేని గడ్డకి మందులు మింగడానికైనా సిద్ధపడ్డాడు. గడ్డే అయ్యుంటే బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది. సిగ్గేసింది, అయినా అనిపించింది.

బల్ల దిగుతూ నా భుజం కోసం చెయ్యి చాపాడు. ఇచ్చాను. డాక్టరమ్మ చూస్తోంది కాబట్టి.